పక్షికి భయం నేర్పినావిడ

పిండం ఆకులో పెట్టి అందరూ లోపలికి వచ్చేశారు. అద్దం తలుపు వెనక వరుసగా నిలబడి పెరట్లోకి చూస్తున్నారు. కెనడాలోని ఈ రెజైనాలో మార్చి నెల అంటే మంచు కరగడం గురించి జనం మాట్లాడుకునే నెల. కరగడం ఆ తర్వాతెప్పుడో. చెక్క అరుగు మీద మంచు ఊడ్చి, ఏషియన్ దుకాణం ఫ్రీజరులోంచి తెచ్చిన అరిటాకు పరిచి, దాని మీద అన్నం ముద్దలు ఉంచారు. ఈ ఊళ్లో కాకులు చలికాలానికి దక్షిణానికి వెళ్లిపోతాయి. మిగిలేవి మాగ్‌పైలు. అవీ కాకి జాతే. నలుపు తెలుపు ఒళ్లు, ఎండ పడితే నీలంగా మెరిసే పొడవాటి తోక. కాకి బదులు అవి ముట్టినా చాలునని, టొరంటో నుంచి ఫోన్ తెర మీద కర్మ చేయిస్తున్న పురోహితుడు సెలవిచ్చాడు. అవి వచ్చాయి. కంచె మీద బారుగా కూర్చుని అన్నం వైపే చూస్తున్నాయి. దిగడం లేదు.

చనిపోయినావిడ నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు. పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. కర్మ చేస్తున్నది ఓక్‌విల్ నుంచి వచ్చిన ఒక్కగానొక్క కూతురు.

"ఏదో కోరిక ఉండిపోయిందమ్మా డాక్టర్ గారికి" అన్నారు ఊరి తెలుగు సంఘంలో పెద్దాయన ఒకరు. "అందుకే ముట్టట్లేదు. అమ్మకి ఏదైనా మాటివ్వు, దిగుతాయి."

"వాట్ షుడ్ ఐ సే, అంకుల్?"

"ఇల్లు అమ్మనని చెప్పు."

"బట్ ఐ యామ్ సెల్లింగ్ ఇట్."

పెద్దాయన కాసేపు ఆలోచించారు. "అయితే అది కాకుండా ఇంకేదైనా చెప్పు."

ఆ అమ్మాయి తలుపు కొంచెం తీసింది. చలిగాలి అందరి కాళ్లనూ తాకింది. "అమ్మా, ఐ యామ్ ఓకే. యు కెన్ గో" అంది. తలుపు శబ్దానికి మాగ్‌పైలు కంచె మీంచి లేచి, మరింత దూరాన ఉన్న గరాజు కప్పు మీద వాలాయి. చివరికి పురోహితుడు దర్భతో కాకిని చేసి ముద్దలకు తాకించమన్నాడు. తాకించారు. శాస్త్రం తృప్తి పడింది.

నేను హన్మకొండలో డిగ్రీ చదివినంత కాలం డిబేట్ జట్టులో ఉన్నదాన్ని. ఒక మాట ప్రతిపాదించినవారే దాన్ని నిరూపించే భారం మోయాలని నమ్మేదాన్ని. పక్షి ముట్టకపోవడానికి కోరిక మిగలడమే కారణమన్న ప్రతిపాదన మీద వేయదగిన ప్రశ్నలు నా దగ్గర చాలానే ఉన్నాయి. పైగా ఆ పెరట్లో అవి ఎందుకు దిగవో నాకు తెలుసు. అయినా నోరు తెరవలేదు. ఆవిడ నిద్రలోనే పోయారని తెలిసిన ఉదయం అంబులెన్సును పిలిచింది నేనే. చిరునామా తప్పు లేకుండా చెప్పాను. అప్పటినుంచి ఏ పనైనా తప్పు లేకుండానే చేస్తున్నాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని ఎదురుచూడటం కూడా మానేశాను.

ఆవిడ ఎక్కడ పుట్టారు, ఎప్పుడు వచ్చారు, భర్త ఏం చేసేవారు, ఇవన్నీ సంతాప సభలో ఎవరో చదివారు. నేను విన్నాను. ఆ మనిషెవరో నాకు తెలియదనిపించింది. నాకు తెలిసినావిడ వేరు. ఆవిడ అన్నం ఎప్పుడూ నిలబడే తినేవారు, వంటింటి గట్టుకు ఆనుకుని, కంచం చేతిలో పట్టుకుని. ఏ క్షణాన ఆసుపత్రి నుంచి పిలుపు వస్తుందోనని అలవాటైన భంగిమ అది. పిలుపులు ఆగి ఏళ్లయినా కాళ్లు ఆ సంగతి ఒప్పుకోలేదు. కారు ఎప్పుడూ వెనక్కి నడిపి, ముందు భాగం రోడ్డు వైపు ఉండేలా నిలిపేవారు. కిరాణా దుకాణంలో వరుసలో నిలబడినప్పుడు ఎవరి పిల్లాడైనా దగ్గితే మాట మధ్యలో ఆగిపోయేవారు. రెండో దగ్గు కోసం వేచి, విని, "ఫర్వాలేదు, పైపైదే" అని నాకు మాత్రం వినబడేలా చెప్పి, ఆగిన మాట ఆగిన చోటి నుంచే అందుకునేవారు.

మొదటిసారి గది చూడటానికి వెళ్లినప్పుడు, డిబేట్ గురించి చెప్పుకున్నాను. ప్రతివారం ఒక మోషన్ ఇచ్చేవారనీ, దాని మీద అటూ ఇటూ వాదించేవాళ్లమనీ అన్నాను.

"వారానికొక్క మోషనేనా?" అన్నారు ఆవిడ గంభీరంగా. "మా వృత్తిలో అయితే డ్రాప్స్ రాసిచ్చేదాన్ని."

ఆ రోజు నుంచి నేను ప్లీడరమ్మనయ్యాను.

ఒక సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. పిల్లలకు సూది వేసేటప్పుడు ఈ లోకంలో డాక్టర్లందరూ చెప్పే మాట ఆవిడ ఎన్నడూ చెప్పలేదట. నాకు అది అనుభవంలోకి వచ్చింది. అరుగు బాగుచేస్తుంటే ఒక చెక్క పేడు నా అరచేతిలో లోతుగా దిగింది. ఆవిడ చేయి పట్టుకుని, కళ్లజోడు సవరించుకుని, "నొప్పెడుతుంది. బాగానే" అన్నారు.

"నొప్పి ఉండదని అనచ్చు కద ఆంటీ, ధైర్యానికి?"

"అంటే రెండోసారి చెయ్యివ్వవు."

"రెండోసారి గుచ్చుకుంటదని గ్యారంటీ ఉందా?"

"పిల్లలకి ఉంటుంది ప్లీడరమ్మా. మళ్లీ మళ్లీ రావాలి వాళ్లు నా దగ్గరికి. కదలకు."

తీసేశారు. బాగానే నొప్పి పెట్టింది.

గడిచిన జూన్‌లో ఒక సాయంత్రం పెద్ద గాలి వీచింది. ఇక్కడి మైదానాల్లో గాలికి అడ్డు లేదు. అది ఎక్కడో పుట్టి, దారిలో ఎవరినీ పలకరించకుండా వచ్చి పడుతుంది. పక్కింటివారి స్ప్రూస్ చెట్టు సగానికి విరిగి మా పెరట్లో కూలింది. దానితోపాటు బుట్టంత మాగ్‌పై గూడు. పుల్లలు, మట్టి కలిపి కట్టిన గోపురం లాంటిది. అందులో పిల్లలు చనిపోయి ఉన్నాయి. ఒక పెద్ద పక్షి కొమ్మ కింద నలిగి ఉంది. ఒక్క పిల్ల మాత్రం బతికి, గడ్డిలో నోరు తెరుచుకుని కూర్చుంది. సగం మొలిచిన ఈకలు, అసలు మొలవని తోక, ఒంటికి మించిన ఎర్రటి నోరు.

నేను నా అభ్యంతరాలు చెప్పాను. అడవి పక్షిని ఇంట్లో పెట్టుకోవడం చట్ట విరుద్ధం. తల్లి గానీ తండ్రి గానీ మిగిలి ఉంటే తిరిగి వచ్చే అవకాశం ఉంది. మన జాలి దాని అవసరమో మన అవసరమో ముందు తేల్చుకోవాలి.

"అయ్యాయా పాయింట్లు?"

"ఇంకొకటుంది."

"అది దాచుకో. ముందు ఆ షూ డబ్బా పట్రా."

అయినా నా మాట ఆవిడ పూర్తిగా తోసిపుచ్చలేదు. మర్నాడు పిల్లను చిన్న బుట్టలో ఉంచి కంచె పక్క పొదకు కట్టి, కిటికీలోంచి చాలాసేపు కాపలా కాశారు. ఏ పక్షీ రాలేదు. అప్పుడు వన్యప్రాణుల సంరక్షణ బృందానికి ఫోన్ చేశారు. అటువైపు వలంటీరు తమ దగ్గర తల్లులు లేని బాతుపిల్లలతోనే చోటంతా నిండిపోయిందనీ, తమ బృందం తరఫున కొన్నాళ్లు మీరే ఉంచగలరా అనీ అడిగింది. ఏం తినిపించాలో చెప్పింది. పిల్లుల మేత నీళ్లలో నానబెట్టి, ఉడికిన గుడ్డు సొన కలిపి, చిన్న పటకారుతో నోట్లో పెట్టమంది.

ఆవిడ గుడ్డు కూడా ముట్టని మనిషి. గుడ్డు కొన్నారు, పిల్లుల మేత కొన్నారు. వాటికని ఒక గిన్నె వేరుగా పెట్టారు. పటకారు మాత్రం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, సొరుగులో పడేశారు.

"పసినోట్లో ఇనప ముక్క పెడతామా ఎవరమైనా?"

"ఆమె పెట్టమన్నది ఆంటీ."

"ఆవిడకి పిల్లలు లేరేమో."

అలా మొదలయ్యాయి గోరుముద్దలు. చేపల కంపు కొట్టే ఆ మేతను వేళ్లతో మెత్తగా పిసికి, గోరంత ముద్ద చేసి, ఎడమ చేత్తో తన ముక్కు మూసుకుని, కుడి చేత్తో పక్షి నోట్లో పెట్టేవారు. మన ఇళ్లలో పిల్లకు అన్నం పెట్టేటప్పుడు పెద్దవాళ్లు తామూ నోరు తెరిచి "ఆం" అంటారు కదా, ఆవిడా అలాగే అనేవారు. ముక్కు మూసుకుని ఉండటం వల్ల అది వింతగా పలికేది. పక్షికి పేరు పెట్టనివ్వలేదు. "పేరు పెడితే పిలుస్తాం, పిలిస్తే వస్తుంది, అదంతా మనకొద్దు" అన్నారు. ఆ జాగ్రత్త ఆవిడకు గర్వంగా ఉండేది. కానీ "ఆం" అనగానే అది ఏ మూల ఉన్నా నోరు తెరిచేది. ఎగరడం వచ్చాక ఎగిరి వచ్చేది. అదే దానికి పేరైంది. ఆ సంగతి నేను గమనించాను. ఆవిడా గమనించే ఉంటారు.

జూలై నాటికి దానికి తోక వచ్చింది. పగలంతా పెరట్లో తిరిగి, సాయంత్రం అరుగు పక్కనున్న అద్దాల గదిలోకి వచ్చేది. మాగ్‌పైలకు తిండి దాచుకునే గుణం ఉంది. ఇది ఆవిడ తలముడిలో దాచుకునేది. భుజం మీద వాలి, గుడ్డు ముక్కను ముడిలోకి లోపలికంటా తోసి, పైన ఒక వెంట్రుక పాయ కప్పి, తల వంచి చూసుకునేది. తెలుగు సంఘం సమావేశంలో ఎవరితోనో మాట్లాడుతూ ఆవిడ తల ఊపితే పచ్చసొన రాలి ఆ మనిషి కాఫీలో పడింది. "క్షమించండి, మావాడి లంచ్" అన్నారట. ఆ మనిషి మరి ఏమీ అడగలేదట.

జూలై చివర్లో ఆ వలంటీరు చూడటానికి వచ్చింది. తెల్లజుట్టు, రబ్బరు బూట్లు, మృదువైన గొంతు. ఆమె పెరట్లో అడుగుపెట్టీ పెట్టగానే పక్షి వచ్చి ఆమె భుజం మీదే వాలి చెవి రింగు లాగింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పక్షిని నెమ్మదిగా దించి, "మీరు పటకారుతో పెట్టలేదు కదూ" అని అడిగింది.

"లేదు" అన్నారు ఆవిడ. "చేత్తో పెట్టాను. మాటలు కూడా చెప్పాను."

ఇది మనిషినే తన జాతి అనుకుంటోందని ఆమె వివరించింది. వేసవి ముగిసేలోపు మనుషులకు దూరంగా ఉండటం నేర్చుకుంటే సరే, లేకపోతే తమ దగ్గరికి తీసుకురమ్మంది.

"తీసుకొస్తే ఏం చేస్తారు?" అని అడిగాను.

ఆమె నాకు జవాబు చెప్పకుండా ఆవిడ వైపు చూసింది. ఆవిడ తల ఊపారు. తర్వాత ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

ఆమె వెళ్లాక మళ్లీ అడిగాను.

"ఆ చూపు నాకు తెలుసు. నేను చాలామంది తల్లుల వంక అలా చూశాను. సూది వేసి చంపేస్తారే. జీవితాంతం ఉంచే చోటు లేదు వాళ్లకి. పైగా ఇది ఊళ్లో ఎవరికీ అక్కర్లేని పక్షి, ఇంకొకటి పుడుతుంది."

"ఇట్లనే వదిలేస్తే?"

"ఇవాళ చూశావుగా, ఎవరొస్తే వాళ్ల భుజం మీద వాలింది. రేపు పిల్లి ముందు వాలుతుంది. చీపురు పట్టుకుని తరిమేవాడొస్తే వాడి భుజం మీదా వాలుతుంది."

"మీరే ఉంచుకుంటే? పర్మిషన్‌కి అప్లై చేద్దాం. నేను రాస్తా."

"నేనెన్నాళ్లుంటానని? నా తర్వాత ఎవరు చూస్తారు, నువ్వా? నీ వర్క్ పర్మిట్ ఎక్కడొస్తే అక్కడికి పోతావు. దాన్ని బ్యాక్‌ప్యాక్‌లో పెట్టుకుపోతావా?"

అప్పటికి తేలింది ఇంతే: ఆగస్టు పోయేలోపు ఆ పక్షికి మనిషంటే భయం పుట్టాలి, లేదా అది చావాలి.

భయపెట్టడం ఆవిడకు చేతకాలేదు. అది నేను కళ్లారా చూశాను. రెండు చేతులూ పైకెత్తి "పో! పోవే!" అన్నారు. జీవితమంతా ఏడ్చే పిల్లలను ఊరడించిన గొంతు అది. ఎంత పెంచినా జోలపాటలా పలికింది. పక్షి అదేదో కొత్త ఆట అనుకుని ఎత్తిన చేతి మీద వాలింది. తువ్వాలు విసిరితే దాని కొస పట్టుకుని లాగింది.

"నీకు అరవడం వచ్చుగా, అరిచి చూడు" అన్నారు నాతో. "డిబేట్‌లో అరిచేవాళ్లుగా."

"డిబేట్‌లో అరవం ఆంటీ. ఆర్గ్యూ చేస్తం."

"సరే, దాంతో ఆర్గ్యూ చెయ్యి. విని వెళ్లిపోతుందేమో చూద్దాం."

నేను స్టీలు పళ్లెం, గరిటె తెచ్చి, దాని వెనకే పెరడంతా పరిగెత్తాను. పక్కింటాయన కంచె మీంచి చూసి, ఏదో మతపరమైన కార్యక్రమం అనుకున్నట్టున్నాడు, చేతులు జోడించాడు. పక్షి నిజంగానే బెదిరింది. కేకపెట్టి ఎగిరింది. ఎగిరి నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్లి, కార్డిగన్ మెడలోంచి లోపలికి దూరి, తోక మాత్రం బయటికి పెట్టుకుని వణుకుతూ ఉండిపోయింది.

ఆవిడ దాన్ని బయటికి తీయలేదు. నిమరలేదు కూడా. చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డారు.

"చూశావా" అన్నారు కొంతసేపటికి. "నువ్వు ఎంత భయపెడితే అంత నా దగ్గరికొస్తుంది. ఇది నేను చెయ్యాల్సిన పని."

ఆ వలంటీరు వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పింది. కాకి జాతి పక్షులు మనిషి మొహాన్ని గుర్తుపెట్టుకుంటాయట. తమలో ఒకదాన్ని పట్టుకున్న మనిషిని ఎన్నాళ్లకైనా మరచిపోవట. చూడని వాటికి కూడా చూసినవి నేర్పుతాయట. ఆవిడ ఆ మాటను పట్టుకున్నారు. పెరటి కంచె మీదికి ఉదయం పూట అడవి మాగ్‌పైల గుంపు వచ్చి పోతుండేది. మా పక్షి వాటి దగ్గరకు వెళ్లి, నాలుగు కూతలు విని, తిరిగి ఆవిడ భుజం మీదికి వచ్చేసేది. ఆ గుంపు ఉన్నప్పుడు చెయ్యాలని ఆవిడ నిర్ణయించుకున్నారు.

ముందురోజు మధ్యాహ్నం వంటింట్లో గట్టుకు ఆనుకుని మజ్జిగన్నం తింటుండగా, నేను ఉండబట్టలేక అడిగాను.

"మీరు పిల్లలకి అబద్ధం చెప్పనన్నరు. నొప్పి ఉండదని ఎన్నడు చెప్పలేదన్నరు. ఇది అబద్ధం కాదా? మీరు దానికి శత్రువు కాదు. శత్రువని నమ్మిస్తున్నరు."

ఆవిడ నమలడం ఆపారు. నా ప్రశ్నల్లో ఆవిడ నిజంగా ఆగి ఆలోచించిన ప్రశ్నలు బహు తక్కువ.

"రేపు చెప్పేది అబద్ధం కాదే" అన్నారు. "ఇన్నాళ్లూ చెప్పిందే అబద్ధం. మనుషుల దగ్గరికి రావచ్చని చెప్పాను. ముద్ద ముద్దకీ అదే చెప్పాను."

"మీరు మంచివారే కద?"

"నేనొక్కదాన్నీ మంచిదాన్నైతే దానికేం ఉపయోగం?"

వాదనలో ఓడితే నాకు ఒళ్లు వేడెక్కేది. ఆ రోజు అలా కాలేదు. ఆవిడ మిగిలిన అన్నం తిని కంచం కడిగారు.

మర్నాడు ఉదయం గుంపు వచ్చాక ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్లారు. తలకు ఎప్పుడూ పెట్టుకునే ఎండ టోపీ పెట్టుకోలేదు. నన్ను తలుపు దగ్గరే ఉండమన్నారు. గడ్డి మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, "ఆం" అన్నారు. మామూలు గొంతుతోనే అన్నారు. పక్షి కంచె మీంచి వచ్చి, ఆవిడ ముందు వాలి, నోరు తెరిచింది.

తువ్వాలు దాని మీద పడింది. ఆవిడ రెండు చేతులతో అదిమి పట్టుకుని, తల ఒక్కటి బయటికి తీశారు. పక్షి మొదట ఏ చప్పుడూ చేయలేదు. ఆట అనుకుందో ఏమో. తర్వాత పట్టు బిగిసింది. అప్పుడు అరిచింది. ఆ అరుపు అంతకుముందు దాని నోట నేను వినలేదు. దానికి కూడా అది కొత్తదే అయివుండాలి. కంచె మీద ఉన్నవన్నీ ఒక్కసారి లేచాయి. ఇంకెక్కడినుంచో మరికొన్ని వచ్చాయి. ఆవిడ తల చుట్టూ తిరుగుతూ, కిందికి దూకుతూ, ఒకటే గోల. ఆవిడ తల దాచుకోలేదు. మొహం పైకెత్తి, ఒకసారి అటు, ఒకసారి ఇటు, అన్నిటికీ కనబడేలా తిప్పుతూ కూర్చున్నారు. చేతిలోది మణికట్టు మీద పొడుస్తోంది. వదల్లేదు. నేను తలుపు పిడి పట్టుకుని నిలబడ్డాను. పిడి చల్లగా ఉండటం గుర్తుంది.

చివరికి తువ్వాలు తీశారు. అది ఎగిరింది. అయితే దూరం పోలేదు. బట్టలారేసే తీగ మీద వాలి, ఈకలన్నీ నిక్కబొడుచుకుని ఆవిడ వంకే చూసింది. రావాలా, పోవాలా అన్నది దానికింకా తేలలేదని నాకు కూడా అర్థమైంది. ఆవిడ లేచారు. కీళ్లనొప్పులతో మెట్లు దిగడానికే రెయిలింగ్ పట్టుకునే మనిషి, తువ్వాలు గిరగిరా తిప్పుతూ, నోరంతా తెరిచి అరుస్తూ దాని మీదికి పరిగెత్తారు. ఈసారి ఆ గొంతులో జోలపాట లేదు. నాకే ఒక అడుగు వెనక్కి వెయ్యాలనిపించింది. పక్షి తీగ వదిలి, గుంపులో కలిసి, పక్కింటి కప్పు దాటి పోయింది.

ఆవిడ లోపలికి వచ్చి చేయి కడుక్కున్నారు. మణికట్టు మీద గాయాలకు మందు రాసుకున్నారు. తువ్వాలు వాషింగ్ మెషిన్‌లో వేశారు.

"నొప్పిగుందా ఆంటీ?"

"ఉంది."

టీ పెట్టమంటారా అని అడిగాను. పెట్టమన్నారు. పిల్లుల మేత డబ్బా సగం మిగిలింది, అది ఎవరికివ్వాలో మాట్లాడుకున్నాం.

అది మళ్లీ ఇంట్లోకి రాలేదు. వలంటీరు ఆగస్టు చివర్లో ఫోన్ చేసి అడిగితే, "వెళ్లిపోయింది, ఎవరి దగ్గరికీ రావట్లేదు" అని ఆవిడ చెప్పారు. అటునుంచి అభినందనలు వినిపించాయి. ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేశారు.

తర్వాత ఆ పెరట్లో ఆవిడకు శాంతి లేకుండా పోయింది. తలుపు తీసి బయట కాలు పెడితే చాలు, ఎక్కడున్న మాగ్‌పైలైనా కంచె మీద చేరి తిట్ల వాన కురిపించేవి. నేను వెళితే పట్టించుకునేవి కావు. పోస్ట్ తెచ్చే మనిషి వచ్చినా ఊరుకునేవి. ఆవిడ ఒక్కరికే ఆ మర్యాద. "ఊళ్లో నాకు ఇంత పేరు ఎప్పుడూ లేదు" అనేవారు. కోటు మార్చినా, తలకు స్కార్ఫ్ కట్టినా లాభం లేకపోయింది. మొహం చూడగానే మొదలుపెట్టేవి. ఆ గడ్డి మీద గానీ అరుగు మీద గానీ, ఆవిడ ఉన్నా లేకున్నా, అవి మళ్లీ దిగలేదు.

అక్టోబరులో ఒక ఉదయం. గడ్డి మీద మొదటి మంచు పొడి పడింది. ఆవిడ కాఫీ కప్పుతో అరుగు మీదికి వచ్చారు. వెనకే నేను. కంచె మీద వరుసగా ఉన్నాయి. ఒక్కసారి అందుకున్నాయి.

"అందులో మనదేదో గుర్తుపట్టగలవా?" అని అడిగారు.

నేను శ్రద్ధగా చూశాను. "లేదు ఆంటీ. అన్నీ ఒక్కతీరే ఉన్నయి."

"అరవకుండా కూర్చున్నది ఏదన్నా ఉందా? సరిగ్గా చూడు. నా కళ్లజోడు లోపలుంది."

ఒక్కొక్కదాన్నే చూసుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చాను. "లేదు. అన్నీ అరుస్తున్నయి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆవిడ తల ఊపారు. కాఫీ అయిపోయేదాకా ఆ తిట్లు వింటూ అక్కడే నిలబడ్డారు.